మరిగెడి రాతికి పేరు పెట్టిన క్రోన్‌స్టెట్

స్టీలు గిన్నె లేని వంటయిల్లు నేడు మన దేశమున అరుదు. బట్టలుతుకు పొడి వాడని ఇల్లును అరుదే. 2021వ సంవత్సరమున మహమ్మారి చెలరేగినపుడు, ఊపిరాడక తల్లడిల్లు రోగులకు గాలిలోనుండి ఆక్సిజనును వేరుచేసి ఇచ్చిన యంత్రములను గూర్చి విననివారును అరుదు. ఈ మూడు వస్తువులకు ఒకదానితో ఒకదానికి పొత్తు లేనట్లు తోచును. కాని మేలురకపు స్టీలులో కలియు నికెలు అను లోహమును మొదట కనుగొన్నవాడును, అనేక బట్టల పొడులలోను ఆక్సిజను యంత్రములలోను పనిచేయు జియోలైటు అను పదార్థమునకు ఆ పేరు పెట్టినవాడును ఒక్కడే. ఆయన స్వీడన్ దేశీయుడు. పేరు ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రోన్‌స్టెట్.

రసాయనశాస్త్ర చరిత్ర చదివినవారికి ఆయన పేరు సుపరిచితము. మన పాఠశాలలలో మాత్రము అది అంతగా వినబడదు. ఆయన జీవించినది నలువది రెండేండ్లు మాత్రమే. అయినను ఆ స్వల్పకాలమున ఆయన లోకమునకు ఒక గొప్ప పాఠము నేర్పి పోయెను. ఒక రాతి యోగ్యతను దాని రంగును బట్టిగాని, మెరుపును బట్టిగాని, సంతలో దాని ధరను బట్టిగాని నిర్ణయింపరాదు. అందులో ఏమున్నదో తెలిసికొని నిర్ణయింపవలెను. చౌక మట్టినుండియు, ఊకబూడిదనుండియు విలువగల జియోలైటులను తయారుచేయుటకు నేడు శాస్త్రజ్ఞులు చేయుచున్న కృషి అంతయు ఈ పాఠముపైననే నిలిచియున్నది. అందుచేత ఆయన చరిత్ర ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది.

క్రోన్‌స్టెట్ 1722వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన స్వీడన్‌లోని సూడర్మన్‌లాండ్ మండలమున జన్మించెను. ఆయనది కులీన కుటుంబము. తండ్రి సైన్యమున కోటల నిర్మాణమును పర్యవేక్షించు ఉన్నతోద్యోగి. గణితము, యంత్రవిద్య, కొలతలు ఆ ఇంట నిత్యము వినబడు మాటలు. బాలుడు వానిమధ్యనే పెరిగెను.

ఆయన పుట్టుటకు ఒక్క ఏడాది ముందు, 1721లో, స్వీడన్ రష్యాతో చేసిన దీర్ఘయుద్ధము ముగిసెను. ఆ యుద్ధమున స్వీడన్ ఓడి, బాల్టిక్ తీరమున తన యేలుబడిలోనున్న అనేక ప్రాంతములను కోల్పోయెను. ఖజానా వట్టిపోయెను. రాజ్యములు పోయినను ఆ దేశమునకు భూగర్భము మిగిలెను. ఇనుము, రాగి గనులే స్వీడన్‌కు జీవనాధారము. గనుల వ్యవహారములను చూచుటకు 1637లోనే అచ్చట ఒక ప్రభుత్వ శాఖ ఏర్పడియుండెను. గనుల శాఖలో ఉద్యోగమన్న ఆనాటి యువకులకు గౌరవము, దేశమునకు సేవ.

క్రోన్‌స్టెట్ 1738 ప్రాంతమున ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు పోయి ఉపన్యాసములు వినెను. అచ్చట ఉష్ణమాపక మానమునకు తన పేరిచ్చిన సెల్సియస్ పండితుడు ఉండెను. ఖనిజములను గూర్చి విశేషముగా కృషిచేసిన వలేరియస్ ఉండెను. ఆ సాంగత్యమున యువకుని మనస్సు రాళ్లవైపు మళ్లెను. ఇంతలో 1741లో రష్యాతో మరల యుద్ధము వచ్చెను. తండ్రి కోటల తనిఖీకి బయలుదేరగా, కుమారుడు చదువు ఆపి ఆయనకు కార్యదర్శిగా వెంట తిరిగెను. యుద్ధము 1743లో ముగిసిన పిమ్మట ఆయన తిరిగి తనకు ప్రియమైన గనుల విద్యకే వచ్చెను.

గనుల శాఖ ప్రయోగశాలలో ఆయనకు జార్జి బ్రాంట్ అను మహారసాయనజ్ఞుడు గురువయ్యెను. కోబాల్టు లోహమును కనుగొన్నవాడు ఈ బ్రాంటే. గాజునకు నీలిరంగునిచ్చు ఖనిజములలో ఒక క్రొత్త లోహమున్నదని ఆయన 1735 ప్రాంతమున నిరూపించియుండెను. ఆ గురువువద్ద శిష్యుడు కరగించుట, కాల్చుట, ఆమ్లములలో కరగదీయుట, తూచుట అను పనులను ఓపికతో అభ్యసించెను. పుస్తకములలో చదివినదానికంటె కొలిమివద్ద కండ్లార చూచినదానికే ఆయన ఎక్కువ విలువనిచ్చెను. వేసవిలో గనులు తిరుగుట, చలికాలమున సేకరించిన రాళ్లను పరీక్షించుట ఆయన వ్రతమయ్యెను.

ఆనాటికి ఖనిజశాస్త్రము శైశవావస్థలో ఉండెను. వృక్షములకు, జంతువులకు క్రమము ఏర్పరచిన లిన్నేయస్ 1735లో ప్రకటించిన తన గ్రంథమున రాళ్లనుగూడ వాని ఆకారమును బట్టి తరగతులుగా విభజించెను. ఇతరులు రంగు, కాఠిన్యము, మెరుపు చూచి పేర్లు పెట్టుచుండిరి. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉండెను. ఒకే పదార్థము పలు రూపములతో కనబడవచ్చును. వేర్వేరు పదార్థములు ఒకే రూపముతో కనబడవచ్చును. మన పల్లెలలో అభ్రకమును కాకిబంగారమని పిలుచుట లేదా? మెరుపు బంగారమువంటిదే. కాని కంసాలి దానిని కుంపటిలో పెట్టినచో దాని గుట్టు బయటపడును. క్రోన్‌స్టెట్ చేయదలచినది రాళ్లనన్నిటిని అట్లు కుంపటికి ఎక్కించుటయే.

ఆయనకు తొలి కీర్తి తెచ్చినది ఒక అపఖ్యాతిగల ఖనిజము. జర్మనీ గనులలో పనివారికి అప్పుడప్పుడు ఎఱ్ఱని రాగిరంగుగల రాయి దొరకుచుండెడిది. రాగి యని ఆశపడి కొలిమిలో వేసినచో రాగి రాకపోగా, పాషాణపు పొగ వెలువడి పనివారిని బాధించుచుండెడిది. ఇది కొండదయ్యము చేసిన మోసమని నమ్మి, వారు దానికి ఆ దయ్యము పేరు జోడించి రాగినికెలు అని అర్థము వచ్చునట్లు పేరు పెట్టిరి. దానిని త్రవ్వుట దండుగ, పారవేయుటయే మేలని వారి తీర్పు.

స్వీడన్‌లో లూస్ అను గ్రామముకడ నున్న కోబాల్టు గనిలో ఇట్టి ఖనిజమే ఒకటి దొరకెను. గాలి సోకినచోట దానిపై పచ్చని పొర ఏర్పడుచుండెను. పచ్చదనము రాగికి గుర్తని అందరును అనుకొనిరి. క్రోన్‌స్టెట్ దానిని ఆమ్లములో కరగించెను. పచ్చని ద్రావణము వచ్చెను. రాగి కలిగిన ద్రావణమున ఇనుము ఉంచినచో ఇనుముపై ఎఱ్ఱని రాగిపూత పట్టును. మైలుతుత్తపు నీటిలో మేకు వేసి మన ఉపాధ్యాయులు చూపు ప్రయోగమే ఇది. క్రోన్‌స్టెట్ ద్రావణమున మాత్రము రాగి జాడ కానరాలేదు. అప్పుడు ఆయన ఆ పచ్చని పదార్థమును కాల్చి బూడిదచేసి, దానిని బొగ్గుపొడితో కలిపి తీవ్రమైన వేడికి గురిచేసెను. తెల్లని, గట్టి లోహము చేతికి వచ్చెను. అది అయస్కాంతమునకు కొంచెముగా ఆకర్షింపబడెను. రాగి ఎన్నడును అట్లు చేయదు.

ఈ సంగతిని ఆయన 1751లో ప్రకటించెను. 1754లో దానికి నికెలు అని పేరు పెట్టెను. పనివారు తిట్టుగా వాడిన దయ్యపు పేరే ఒక లోహమునకు శాశ్వత నామమయ్యెను. 1753లోనే స్వీడన్ రాజకీయ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. అప్పటికి ఆయనకు ముప్పది యొకటవ ఏడు.

కాని లోకము వెంటనే నమ్మలేదు. నికెలు క్రొత్త లోహము కాదనియు, కోబాల్టు, ఇనుము, పాషాణము, రాగి కలసిన మిశ్రమము మాత్రమే యనియు ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞులు కొందరు వాదించిరి. క్రోన్‌స్టెట్ తీసిన లోహము పూర్తిగా శుద్ధమైనది కాకపోవుటచే ఆ వాదమునకు కొంత ఆధారమును లేకపోలేదు. ఈ వివాదము ఆయన బ్రతికియుండగా తీరలేదు.

క్రోన్‌స్టెట్ పరిశోధనకు ముఖ్యసాధనము ఖరీదైన యంత్రము కాదు, ఊదుగొట్టము. మన కంసాలి దీపపు మంటను ఊది నగకు అతుకు వేయు గొట్టమువంటిదే అది. గోరంత రాతిముక్కను బొగ్గుపలకపై ఉంచి, గొట్టముతో మంటను దానిపైకి ఊదవలెను. ముక్క కరగునా, పొంగునా, రంగు మారునా, వాసన వచ్చునా, లోహపు పూస మిగులునా అని చూడవలెను. ఆయనకు ముందు ఒకరిద్దరు స్వీడను దేశీయులు దీనిని ఖనిజములపై వాడిరి. కాని దానిని ఒక క్రమబద్ధమైన పరీక్షగా తీర్చిదిద్దినవాడు క్రోన్‌స్టెట్. కంసాలులు వాడు వెలిగారమును, సోడాను రాతిపొడితో చేర్చి కరగించి, ఆ గాజుపూస రంగునుబట్టి లోహమును గుర్తించుటను ఆయన వాడుకలోనికి తెచ్చెను. చేతిసంచిలో పట్టు ఈ సాధనముతో గనివద్దనే రాతి రహస్యము చాలవరకు తెలియుచుండెను.

1756లో ఈ గొట్టము ముందునకు రెండు రాతిముక్కలు వచ్చెను. ఒకటి స్వీడన్ ఉత్తరాగ్రమునగల లాప్‌లాండ్‌లోని స్వాప్పవారా రాగిగనినుండి. మరియొకటి ఐస్‌లాండ్ దీవినుండి. మంట తగిలినంతనే అవి పొంగి, నురుగుకట్టి, నీరు మరిగినట్లు బుడబుడలాడి, పిదప గాజువలె కరగెను. తెలిసిన రాయి ఏదియు సరిగా ఇట్లు ప్రవర్తించుట ఆయన చూచియుండలేదు. గ్రీకుభాషలో మరుగుట అను అర్థముగల మాటను, రాయి అను మాటను జోడించి ఆయన దానికి జియోలైటు అని పేరు పెట్టెను. తెనుగున చెప్పవలెనన్నచో మరిగెడి రాయి. ఈ పరిశీలనను విజ్ఞాన పరిషత్తు సంచికలో ప్రకటించెను. మరిగినది రాయి కాదనియు, రాతి గర్భమున దాగిన నీరనియు తరువాతి తరములవారికి స్పష్టమయ్యెను.

1758లో ఖనిజరాజ్యమునకు క్రమము కూర్చు ప్రయత్నము అను అర్థముగల పేరుతో స్వీడిష్ భాషలో ఒక గ్రంథము వెలువడెను. దానిపై గ్రంథకర్త పేరు లేదు. ప్రతిష్ఠగల పండితుల మార్గమునకు విరుద్ధమైన మాటలు చెప్పు ఆ పుస్తకము పేరుచూచి కాక విషయము చూచి తీర్పు పొందవలసి వచ్చెను. అది క్రోన్‌స్టెట్ రచనయని కాలక్రమమున అందరికిని తెలిసెను.

ఆ గ్రంథమున ఆయన ఖనిజములనన్నిటిని మృత్తికలు, లవణములు, మండెడి పదార్థములు, లోహములు అని నాలుగు తరగతులుగా విభజించెను. విభజనకు ఆధారము బాహ్యరూపము కాదు. మంటలోను, ఆమ్లములోను ఆ పదార్థము చూపు గుణము, అనగా దాని కూర్పు. అంతేకాక పలు ఖనిజములు కలసిన సామాన్యపు బండరాళ్లను అసలు ఖనిజములతో కలుపక వేరుచేసి అనుబంధమున ఉంచెను. ఖనిజము వేరు, శిల వేరు అను భేదము నేడు మన పాఠ్యపుస్తకములలో తొలిపుటలనే కనబడును.

మృత్తికలలో తొమ్మిది రకములున్నవని క్రోన్‌స్టెట్ ఎంచి, జియోలైటును వానిలో ఒక స్వతంత్ర మృత్తికగా నిలిపెను. నేటి జ్ఞానమును బట్టి అది సరికాదు. జియోలైటు మూలపదార్థము కాదు. సిలికా, అల్యూమినా, సోడియము లేక కాల్షియము, నీరు కలసిన సమ్మేళనము. కాని ఆ కాలమున అల్యూమినాను ఒక ప్రత్యేక మృత్తికగా జర్మనుడైన మార్‌గ్రాఫ్ గుర్తించి నాలుగేండ్లే యైనది. అల్యూమినియము అను లోహము వెలుగుచూచుటకు 1825వరకు ఆగవలసి వచ్చెను. తన కాలపు సాధనములు చూపినంతవరకే ఆయన చెప్పెను. విశేష మేమన్నచో, ఆయన ఫలితమును సరిదిద్దినది ఆయన పద్ధతియే. కూర్పును వెదకుడని ఆయన చూపిన దారినే మరికొంత ముందుకు నడచినవారు జియోలైటు కూర్పును తేల్చిరి.

కడపటి యేండ్లలో క్రోన్‌స్టెట్ బెర్గ్‌స్లాగెన్ అను ప్రసిద్ధ ఖనిజప్రాంతమున గనుల పర్యవేక్షకుడుగా పనిచేసెను. 1760లో వివాహము చేసికొనెను. గృహస్థజీవితము ఎక్కువకాలము సాగలేదు. 1765వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన సేటర్ పట్టణప్రాంతమున మరణించెను.

మరణానంతరము ఆయన కీర్తి పెరిగెను. గ్రంథము జర్మను భాషలోనికి 1760లోనే పోయియుండెను. 1770లో ఇంగ్లీషున వెలువడెను. ఆ ఇంగ్లీషు ప్రతికి ఊదుగొట్టము వాడుక నేర్పు ఒక ప్రకరణముగూడ జతయయ్యెను. జర్మనీలో భూవిజ్ఞానమునకు గురుపీఠమైన వెర్నర్ 1780లో దానిని మరల జర్మనున ప్రకటించెను. నికెలు వివాదమును 1775లో స్వీడన్ రసాయనజ్ఞుడు బెర్గ్‌మన్ పరిష్కరించెను. ఆయన లోహమును పదేపదే శుద్ధిచేసి, ఎంత శుద్ధిచేసినను దాని ప్రత్యేక గుణములు పోక నిలుచుచున్నవని చూపెను. క్రోన్‌స్టెట్ గెలిచెను, కాని గెలుపును చూచుటకు ఆయన పదియేండ్ల వెనుకనే కన్నుమూసియుండెను.

ఇక ఆయన పేరుపెట్టిన మరిగెడి రాతి కథ. సుమారు నూరేండ్లవరకు జియోలైటులు ప్రదర్శనశాలలకు అలంకారములుగానే ఉండెను. మన దక్కను పీఠభూమి నల్లరాతి బొరియలలో అవి అందమైన స్ఫటికములుగా పెరుగును. పుణె, నాసిక, జళగాఁవ్ ప్రాంతముల జియోలైటులు ప్రపంచ ప్రసిద్ధములు. తెలంగాణమున వికారాబాదు, జహీరాబాదు వైపులను ఈ నల్లరాతి పొరలు వ్యాపించియున్నవి. ఆ లావా ప్రవహించి సుమారు 6.6 కోట్ల ఏండ్లయినది.

1840లో డామూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జియోలైటును వేడిచేసి నీటిని పోగొట్టినను దాని స్ఫటికము చెడదనియు, చల్లారిన పిమ్మట అది నీటిని తిరిగి పీల్చుకొనుననియు కనుగొనెను. సిలికాన్, అల్యూమినియము పరమాణువులు ఆక్సిజనుతో చేరి చతుర్ముఖులుగా ఏర్పడి, మూలమూలకు అతికికొని జల్లెడవంటి కట్టడమును కట్టును. ఆ గదులలో నీరు నివసించును. అల్యూమినియము ఉన్న ప్రతిచోట ఒక ఋణావేశము మిగులును. దానిని తీర్చుటకు సోడియమువంటి అయాను గదిలో కాపురముండును. ఈ అయాను గట్టిగా కట్టుబడినది కాదు. కఠినజలము తగిలినచో జియోలైటు నీటిలోని కాల్షియమును పట్టుకొని తన సోడియమును వదలును. నీరు మృదువగును, సబ్బు నురుగు చక్కగా వచ్చును. బట్టలపొడిలో దాని పని ఇదియే.

గదుల ద్వారములు పరమాణువుల కొలతలోనివి. ద్వారముకంటె చిన్న అణువు లోనికి పోవును. పెద్దది బయటనే నిలుచును. అందుచేత 1932లో మెక్‌బెయిన్ దీనికి అణుజల్లెడ అను పేరు పెట్టెను. ప్రకృతి చేసిన జల్లెడ చాలినంత దొరకదు. దొరకినది శుద్ధముగా ఉండదు. కనుక మానవుడు తానే చేయవలసి వచ్చెను. 1862లో ఫ్రాన్సున సాంత్‌క్లేర్ డెవిల్ ప్రయోగశాలలో జియోలైటును చేయుటకు పూనుకొనెను. 1940 దశకమున న్యూజీలాండులో పుట్టి బ్రిటనున పనిచేసిన బారర్ ఈ విద్యను శాస్త్రముగా తీర్చెను. 1949లో అమెరికాలో రాబర్ట్ మిల్టన్ సాధారణపు వేడిలో, నూరు డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున, జియోలైటులను తయారుచేయు మార్గము కనుగొనెను. ఏ రకము, ఎక్స్ రకము అనునవి అట్లు పుట్టినవి. 1954లో అవి వ్యాపారమునకు వచ్చెను. 1962 నుండి పెట్రోలు శుద్ధికర్మాగారములలో జియోలైటు ఉత్ప్రేరకములు ప్రవేశించెను.

మొదట వీనిని శుద్ధమైన సోడియము సిలికేటు, సోడియము అల్యూమినేటులనుండి చేయుచుండిరి. వానిని తయారుచేయుటకే బోలెడు ఇంధనము, వ్యయము కావలెను. ఇచ్చటనే క్రోన్‌స్టెట్ పాఠము జ్ఞప్తికి తెచ్చికొనవలెను. కావలసినది సిలికా, అల్యూమినా. అవి సీసాలో వచ్చినను ఒకటే, మట్టిలో ఉన్నను ఒకటే.

కేయొలిన్ అను తెల్లమట్టినే తీసికొందము. దానిలో ప్రతి అల్యూమినియము పరమాణువునకు ఒక సిలికాన్ పరమాణువుండును. ఏ రకపు జియోలైటులోను ఇదే నిష్పత్తి. ప్రకృతి పాళ్లు కొలిచి కలిపి పెట్టినట్లే యున్నది. అయినను పచ్చిమట్టి క్షారములో త్వరగా లొంగదు. దానిని సుమారు 600 నుండి 700 డిగ్రీలవరకు కాల్చినచో కట్టడములోని నీరు పోయి, సుమారు ఏడవవంతు బరువు తగ్గి, మట్టి తన క్రమము కోల్పోయి చురుకైన పొడియగును. ఆ పొడిని కాస్టిక్ సోడా ద్రావణములో 80 నుండి 100 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచినచో జియోలైటు స్ఫటికములు దిగును. ఓర్పు తప్పరాదు, అతి చేయరాదు. త్వరగా తీసినచో మట్టి మట్టిగానే యుండును. ఎక్కువకాలము ఉంచినచో అది ఇరుకు ద్వారముల సోడలైటుగా మారిపోయి జల్లెడగా పనికిరాకుండ పోవును. కుండలు కాల్చు కుమ్మరికి ఆవము ఎప్పుడు దించవలెనో తెలిసినట్లే ఇచ్చట రసాయనజ్ఞునికి సమయము తెలియవలెను.

ఎక్స్ రకమునకు సిలికా మరికొంత ఎక్కువ కావలెను. దానిని ఇచ్చుటకు మన వరిపొలములు సిద్ధముగా ఉన్నవి. వరి ఊకను కాల్చినచో దాని బరువులో సుమారు అయిదవవంతు బూడిద మిగులును. ఆ బూడిదలో నూటికి 85 నుండి 95 పాళ్లు సిలికాయే. ఇచ్చటను ఒక మెలకువ కావలెను. మితమైన వేడిలో కాల్చినచో ఆ సిలికా క్షారములో సులభముగా కరగును. మితిమీరిన వేడిలో కాల్చినచో గట్టి స్ఫటికముగా మారి మొండికెత్తును. పనికిమాలిన మాటలను ఊకదంపుడని నిందించు మన భాషకు, ఊకలో ఇంత పస యున్నదని తెలిసిన ఆశ్చర్యము కలుగకమానదు. రామగుండము, కొత్తగూడెములవంటి బొగ్గు విద్యుత్కేంద్రముల బూడిదలోను సిలికా, అల్యూమినా సమృద్ధిగా ఉన్నవి. దానిని కాస్టిక్ సోడాతో కలిపి కరగించి, పిదప నీటిలో మరిగించి జియోలైటు చేయుట సాధ్యమని ప్రయోగములు నిరూపించినవి.

హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ బాటపై పేట్ బషీరాబాద్ ఉన్నది. ప్రక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ, ముందునకు కొంపల్లి, ఈశాన్యమున శామీర్‌పేట చెరువు. ఈ ప్రాంతమంతయు సుమారు 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు నేల. క్రోన్‌స్టెట్ భాషలో గ్రానైటు ఖనిజము కాదు, శిల. అందులో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకము కలసియుండును. వానయు ఎండయు యుగములకొలది తాకగా ఫెల్డ్‌స్పార్ శిథిలమై మట్టిగా మారును. అనుకూలమైనచోట అది కేయొలిన్ అగును. ఇచ్చటి ఎఱ్ఱమొరము నేరుగా జియోలైటునకు పనికిరాదు. దానిలో ఇనుము, పలుగుఇసుక ఎక్కువ. కాని రాయి మట్టిగా మారు వింతను చూచుటకు విద్యార్థులు దూరదేశము పోనక్కరలేదు. మేలైన బంకమన్నునకు ద్వారకాతిరుమల పరిసరములు ప్రసిద్ధములు. తార్నాకలో 1944లో స్థాపితమై, ప్రాంతీయ పరిశోధనాలయముగా పేరొంది, 1989నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా వ్యవహరింపబడుచున్న ప్రయోగశాలలో జియోలైటులను ఉత్ప్రేరకములుగా వాడి పిరిడీన్ మొదలగు రసాయనములు చేయు పరిశోధనలు జరిగినవి. మట్టి ఉన్నది, ఊక ఉన్నది, విద్య ఉన్నది.

అయినను 2021 మే నెలలో ఏమి జరిగెను? ఆక్సిజను యంత్రములకు జియోలైటు కావలెను. గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రొజను, 21 పాళ్లు ఆక్సిజను. గాలిని ఒత్తిడితో జియోలైటు గుండా పంపినచో అది నైట్రొజనును పట్టి ఉంచి, నూటికి 90 పాళ్లకు పైబడిన ఆక్సిజనును బయటకు విడుచును. ఒత్తిడి తగ్గించినపుడు నైట్రొజనును వదలి మరల పనికి సిద్ధమగును. రోగులు ఊపిరికై అలమటించుచుండగా ఈ పదార్థమును రోము నగరమునుండి బెంగుళూరునకు విమానములలో టన్నులకొలది తెప్పించవలసి వచ్చెను. ఆ పనికి వాడు మేలురకపు జియోలైటు ఎక్స్ జాతిలోనిది. తరచుగా దానిలో సోడియమునకు బదులు లిథియమును నింపుదురు. చౌక మట్టినుండి అంత శుద్ధమైనదానిని చేయుట సులభము కాదు. మట్టిలోని ఇనుమును తొలగింపవలెను, పలుగును వేరుచేయవలెను, ప్రతి విడతయు ఒకే గుణముతో వచ్చునట్లు చూడవలెను. సులభము కాదన్నమాట నిజమే. అసాధ్యమన్నమాట నిజము కాదు.

పెరటి చెట్టు మందుకు రాదని మన సామెత. జర్మనీ గనిపనివారు రాగినికెలును పారవేసినది అట్టి చులకనచేతనే. క్రోన్‌స్టెట్ దానిని ఏరుకొని, కరగించి, ఇనుమును ముంచి చూచి, కాల్చి చూచి ఒక లోహమును లోకమునకు ఇచ్చెను. ఆయనకు ఎక్స్‌రేలు లేవు, విద్యుత్తు లేదు. ఒక గొట్టము, ఒక దీపము, ఒక బొగ్గుపలక, వానితోపాటు పేరులేకున్నను సరియే సత్యము నిలువవలెనను పట్టుదల మాత్రమే ఉండెను. మన పాఠశాలలలో విద్యార్థుల చేతికి తమ ఊరి రాతిని, తమ ఊరి మట్టిని ఇచ్చి, ఇందులో ఏమున్నది అని అడుగు అలవాటు కలిగింపవలెను. వారిలో ఏ ఒక్కరైనను ఆ ప్రశ్నను వదలక పట్టుకొన్నచో, ఊపిరి కావలసివచ్చిన దినమున మనము విదేశపు విమానముకొరకు ఆకాశమువంక చూడవలసిన అవసరముండదు.